ఉమ్మడి కేటలాగులో తెలుగు పుస్తకం: లిపి, పేరు, సంవత్సరం

1971 ఆగస్టు 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏథెన్స్ పట్టణంలో ఒహాయో విశ్వవిద్యాలయపు ఆల్డెన్ గ్రంథాలయ సిబ్బంది 133 పుస్తకాలకు కేటలాగు పూర్తిచేశారు. అంకె చూస్తే పెద్దదేమీ కాదు. పని జరిగిన తీరే కొత్తది. టెర్మినల్ ముందు కూర్చున్న ఉద్యోగి ఎక్కడో కొలంబస్‌లో ఉన్న కంప్యూటరులో పుస్తకం వివరాలు వెతికాడు. దొరికితే వాడుకున్నాడు, దొరక్కపోతే తానే ఎక్కించాడు. ఎక్కించినది మిగతా కళాశాలలకూ పనికొచ్చింది. 1967లో ఫ్రెడరిక్ కిల్‌గోర్ సారథ్యంలో పుట్టిన ఒహాయో కాలేజ్ లైబ్రరీ సెంటర్ పెంచిన ఆ డేటాబేసే నేటి వరల్డ్‌క్యాట్. సంస్థ పేరు 1981లో ఆన్‌లైన్ కంప్యూటర్ లైబ్రరీ సెంటర్‌గా మారింది, పొడి అక్షరాలు మాత్రం ఓసీఎల్‌సీగానే మిగిలాయి. అందులోని రికార్డులు ఇప్పుడు 50 కోట్లు దాటాయి.

ఒకరు రాసిన కేటలాగును పదిమంది వాడుకోవాలన్న ఆలోచన కంప్యూటరు కంటే పాతది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుంచే అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మింది. 1960ల్లో అక్కడే పనిచేసిన హెన్రియెట్ ఆవ్‌రమ్ ఆ కార్డును యంత్రం చదవగల రూపంలోకి మార్చింది. ఆ రూపమే మార్క్. అందులో పుస్తకానికి సంబంధించిన ఒక్కో వివరానికీ మూడంకెల గుర్తు ఉంటుంది. రచయితకు 100, శీర్షికకు 245, శీర్షికకున్న ఇతర రూపాలకు 246, విషయానికి 650. ఈ అంకెలు భాషతో నిమిత్తం లేనివి కాబట్టి విస్కాన్సిన్‌లో తయారైన రికార్డు విశాఖపట్నంలో చెల్లుతుంది. ఈ పద్ధతి ఆదా చేసే శ్రమంతా మొదటి ఉద్యోగి ఎంత జాగ్రత్తగా రాశాడన్నదాని మీదే ఆధారపడి ఉంది. అతను తప్పు రాస్తే ఆ తప్పు కూడా అంతే వేగంగా వెళ్తుంది. తెలుగు పుస్తకాల విషయంలో ఆ తప్పులకు మూడు స్థిరమైన చోట్లున్నాయి: లిపి, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం.

తెలుగు పుస్తకాలు ఇంత పెద్ద సంఖ్యలో అమెరికా కేటలాగులకు ఎక్కడం వెనక గోధుమల కథ ఉంది. 1954లో వచ్చిన పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా భారతదేశానికి ధాన్యం అమ్మి, వెలను రూపాయల్లో తీసుకునేది. ఆ రూపాయల్లో కొంత పుస్తకాలు కొనడానికి వాడుకోవచ్చని 1958లో చట్టాన్ని సవరించారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. మన భాషల పుస్తకాలను ఒక్కొక్కటి అనేక ప్రతులు కొని షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ, పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో నాలుగు చేతులు మారి అట్ట ఊడిపోయిన నవల అక్కడ గట్టి బైండుతో నిలిచి ఉండడానికి కారణం ఇదే. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు, అలాంటి చోట ఈ సేకరణకు చదివేవాళ్ళు కూడా దొరికారు.

పుస్తకం వెళ్ళింది. లిపి వెళ్ళలేదు.

మార్క్ రికార్డులకు తొలి దశాబ్దాల్లో వాడిన అక్షర సంకేత వ్యవస్థలో రోమన్‌తో పాటు కాలక్రమాన అరబిక్, హీబ్రూ, సిరిలిక్, గ్రీకు, చైనీస్, జపనీస్, కొరియన్ లిపులు చేరాయి. భారతీయ లిపి ఒక్కటీ చేరలేదు. అందుచేత తెలుగు శీర్షికను అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి నిర్ణయించిన పట్టిక ప్రకారం రోమన్ అక్షరాల్లోనే రాయాలి. దీర్ఘానికి అక్షరం మీద గీత, ట వర్గానికీ ళకారానికీ కింద చుక్క. పట్టిక శాస్త్రీయమే, అక్షరానికి అక్షరం వెనక్కి మార్చుకోవచ్చు. నిందంతా అమెరికా మీద వేయడమూ సరికాదు. 1954 నాటి పుస్తక సమర్పణ చట్టం ఆధారంగా కలకత్తాలోని సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ వెలువరించిన ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ కూడా దేశభాషలన్నింటినీ ఒకే వరుసలో పెట్టడానికి రోమన్ లిపినే ఎంచుకుంది.

చిక్కు వెతికేటప్పుడు వస్తుంది. గీతలు, చుక్కలు టైపు చేసే పాఠకుడు ఉండడు కనుక చాలా కేటలాగు వ్యవస్థలు వాటిని పట్టించుకోకుండా వెతుకుతాయి. ఇంగ్లీషుకో ఫ్రెంచికో దీనివల్ల వచ్చే నష్టం స్వల్పం. తెలుగులో గీత, చుక్క తీసేస్తే కల, కళ, కాల, కాళ నాలుగూ ఒక్కటే అవుతాయి. పాటకూ పాతకూ తేడా ఉండదు. మరోవైపు పట్టికలో చకారానికి 'సి' అక్షరం ఒక్కటే చాలు. ఫోన్లో సందేశాలు రాసుకునే తెలుగువాడు దాని పక్కన 'హెచ్' లేకుండా చందమామ రాయడు. ఆ పాఠకుడికి చందమామ సంచికలు లేవన్న జవాబు వస్తుంది. గీత వదిలిన చోట అక్కర్లేని పుస్తకాలు వందలుగా వచ్చిపడతాయి, అక్షరం కలిపిన చోట కావలసిన పుస్తకం కనబడదు.

పదాలు విడదీయడం ఇంకో తలనొప్పి. వేయిపడగలు ఒక మాటా, రెండు మాటలా? అట్ట మీద కలిపి, లోపలి పుటలో విడదీసి అచ్చువేసే ప్రచురణకర్తలకు కొదవ లేదు. సమాసాన్ని ఎక్కడ విరవాలో నిఘంటువులే ఏకాభిప్రాయానికి రావు. యంత్రం మాత్రం ఖాళీ కనబడిన చోటల్లా మాట తెగిందనుకుంటుంది. దీనికి తోడు ముకారాంతం, అనుస్వారాంతం. చరిత్రము, చరిత్రం, చరిత్ర చదువరికి ఒకటే, కంప్యూటరుకు మూడు. మార్క్‌లో 246 గుర్తు సరిగ్గా ఇలాంటి వాటికోసమే ఉంది: విడదీసిన రూపం, కలిపిన రూపం, ముకారం ఉన్నదీ లేనిదీ అన్నీ అక్కడ చేర్చవచ్చు. పట్టుమని రెండు నిమిషాల పని. తెలుగు తెలిసిన ఉద్యోగి చేస్తే పుస్తకం బతికిపోతుంది, తెలియని ఉద్యోగికి ఆ అవసరమే తోచదు.

తెలుగు లిపి 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే ఉంది. అయినా కేటలాగు వ్యవస్థలు అటు మళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మార్క్‌లో 880 గుర్తు కింద అదే శీర్షికను తెలుగు లిపిలో రోమన్ రూపానికి జంటగా ఎక్కించవచ్చు. కొత్త పుస్తకాలకు ఇది జరుగుతున్న చోట ఫలితం వెంటనే తెలుస్తుంది. గోధుమల రూపాయలతో వెళ్ళిన తరం పుస్తకాల రికార్డులు మాత్రం చాలావరకు రోమన్‌లోనే ఉండిపోయాయి. రోమన్ నుంచి తెలుగుకు యంత్రం చేత మార్పించవచ్చు, గీతలూ చుక్కలూ సరిగ్గా పెట్టిన రికార్డుకైతే. పెట్టని వాటికి పుస్తకం చేతిలోకి తీసుకోవలసిందే.

రచయిత పేరు విషయానికి వస్తే అది లిపి కంటే లోతైన సమస్య. పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది, కేటలాగులో దాన్ని ముందుకు తెచ్చి కామా పెడతారు. తెలుగువాడి ఇంటిపేరు ముందే ఉంటుంది. చివరి మాటే ఇంటిపేరనుకునే అలవాటుతో రికార్డు తయారైతే సగం తెలుగు సాహిత్యం 'రావు' కింద, మిగతా సగం 'శాస్త్రి' కింద చేరుతుంది. భారతీయ పేర్లలో ఏ భాగాన్ని శీర్షంగా తీసుకోవాలన్న దానిపై ఎస్.ఆర్. రంగనాథన్ చాలా శ్రద్ధ పెట్టాడు. 1934లో అచ్చయిన ఆయన క్లాసిఫైడ్ కేటలాగ్ కోడ్‌ను మన గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులు చదువుతారు. ఉద్యోగంలో చేరాక మాత్రం దిగుమతి చేసుకున్న రికార్డునే నమ్ముతారు.

తెలుగు రచయితలు కూడా కేటలాగు వాళ్ళ మీద దయ చూపలేదు. ఒకరికే శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు అన్న రెండు పేర్లు. గుడిపాటి వెంకటచలం అట్ట మీద చలం. రాచకొండ విశ్వనాథశాస్త్రి పాఠకులకు రావిశాస్త్రి. రంగనాయకమ్మ తొలి పుస్తకాలు ముప్పాళ్ళ ఇంటిపేరుతో వచ్చాయి, తరువాత ఆమె ఇంటిపేరునే వదిలేశారు. బీనాదేవి అన్న కలం పేరు వెనక భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులిద్దరున్నారు. తిరుపతి వేంకట కవులు దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. జంట పేరును ఒకే మనిషిగా ఎక్కిస్తే చెళ్ళపిళ్ళ వారు ఒంటరిగా రాసినవి ఎక్కడో విడిగా పడి ఉంటాయి.

దీనికి మందు ప్రామాణిక నామ రికార్డు. ఒక రచయితకు ఒక అధికారిక రూపం నిర్ణయించి, మిగిలిన రూపాలన్నీ దానికి దారి చూపేలా కట్టడం. వేర్వేరు దేశాల జాతీయ గ్రంథాలయాలు చేసుకున్న ఇలాంటి జాబితాలను కలిపేందుకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జర్మన్ జాతీయ గ్రంథాలయం, ఓసీఎల్‌సీ కలిసి 2003లో వయాఫ్ అనే ప్రాజెక్టు ప్రారంభించాయి. రచయితకు అక్కడ ఒక సంఖ్య దొరుకుతుంది. సంఖ్యకు లిపి పట్టింపు లేదు, ఇంటిపేరు ముందా వెనకా అన్న తగువూ లేదు. తెలుగు పేర్లలో వయాఫ్‌కు చేరినవాటిలో ఎక్కువ అమెరికా గ్రంథాలయాలు కొన్న పుస్తకాల రచయితలవే. జిల్లా స్థాయిలో సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న కవి అక్కడ కనబడాలంటే ఇక్కడి విశ్వవిద్యాలయాలే ఆ పని తలకెత్తుకోవాలి.

ఉమ్మడి డేటాబేసు తనంతట తానే చేసే సవరణలకూ ఒక హద్దుంది. ఒకే పుస్తకానికి రెండు రికార్డులుంటే వరల్డ్‌క్యాట్ యంత్రం పోల్చి కలిపేస్తుంది. గురజాడ కన్యాశుల్కాన్ని తీసుకుందాం. 1897లో తొలి కూర్పు అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పును గురజాడ ఎంతగా తిరగరాశాడంటే పండితులు వాటిని రెండు నాటకాలుగా పోల్చి చదువుతారు. మనవాళ్ళు పునర్ముద్రణకూ, మార్చి రాసిన కూర్పుకూ 'రెండవ ముద్రణ' అనే వేస్తారు. ఆ మాటను మక్కికి మక్కి ఎక్కించిన రికార్డు ఎదురైతే యంత్రం వేరుగా ఉంచాల్సినవి కలుపుతుంది, కలపాల్సినవి వేరుగా ఉంచుతుంది.

ఇక సంవత్సరం. పాత పుస్తకాల ముఖపత్రం మీద రౌద్రి అనో దుర్మతి అనో ఉంటుంది, క్రీస్తు శకం ఉండదు. అరవై ఏళ్ళకోసారి తిరిగివచ్చే పేరు కనుక రౌద్రి 1860 కావచ్చు, 1920 కావచ్చు, 1980 కావచ్చు. కాగితం, అచ్చు, ముద్రాక్షరశాల పేరు చూసి శతాబ్దం పోల్చుకోవచ్చు. అప్పటికీ ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కాబట్టి ఒక రౌద్రి రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పరుచుకుని ఉంటుంది. 1920 అనో 1921 అనో తేల్చలేని రికార్డులో రెంటినీ చూపే వీలు మార్క్ నియమాల్లో ఉంది. ఆ వీలును వాడుకున్న రికార్డులు అరుదు.

ఈ మూడు చోట్లా అజాగ్రత్త కలిస్తే ఏమవుతుందో తెలుగు పాఠకులకు అనుభవమే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా 2003లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రాలు. మళ్ళీ అచ్చుకాని తెలుగు పుస్తకాలెన్నో ఇంటింటికీ చేరాయి, ఆ మేలు చిన్నది కాదు. వివరాలు మాత్రం స్కానింగు వేగంతో పరిగెత్తాయి. ఒకే పుస్తకం రెండు మూడు వర్ణక్రమాలతో ఎక్కింది. తరువాత ఆ ఫైళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినప్పుడు పాత వివరాలూ వాటితో పాటే వెళ్ళాయి. పుస్తకం అక్కడే ఉంటుంది, పేరు పెట్టి వెతికితే రాదు, మరేదో వెతుకుతుంటే కంటబడుతుంది.

మన దేశంలో ఉమ్మడి కేటలాగులకు కొరత లేదు. 1988లో ఢిల్లీలో డెల్‌నెట్, 1991లో యూజీసీ కార్యక్రమంగా ఇన్‌ఫ్లిబ్‌నెట్ వచ్చాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయాల కేటలాగులను ఇండ్‌క్యాట్ పేరుతో కలిపి చూపుతుంది. న్యూజీలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉచితం కావడంతో ఇక్కడి కళాశాలలు కూడా దాన్ని పెట్టుకున్నాయి. కోహాలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఐ.ఎస్.బి.ఎన్. కొడితే ఎక్కడో ఉన్న రికార్డు క్షణంలో దిగుతుంది. తెలుగు పుస్తకానికి తరచు ఏదీ దిగదు. దిగినా రోమన్‌లో ఉంటుంది. అప్పుడు ఉద్యోగి యాక్సెషన్ రిజిస్టర్లో ఉన్నంతవరకు నాలుగు వివరాలు టైపు చేసి ముగిస్తాడు. ఆ నాలుగు వివరాలే ఉమ్మడి కేటలాగుకు చేరతాయి.

అతన్ని తప్పుపట్టడం తేలిక. కానీ కొత్తగా మంచి రికార్డు తయారుచేసిన గ్రంథాలయానికి దాన్నుంచి ఏమొస్తుందన్నది పాత తగాదా. 2008 నవంబరులో ఓసీఎల్‌సీ తన రికార్డుల పునర్వినియోగంపై కొత్త నిబంధనలు ప్రకటిస్తే, రాసినవి మేమైతే షరతులు మీవేమిటని సభ్య గ్రంథాలయాలు గట్టిగా అడిగాయి. ఆ నిబంధనలను వెనక్కి తీసుకుని 2010లో వేరే విధానం తేవలసి వచ్చింది. తెలుగు కేటలాగు పనిని రెండు తెలుగు రాష్ట్రాలూ పంచుకుంటే ఆ ప్రశ్న ఇక్కడా వస్తుంది, ముందే తేల్చుకోవడం మంచిది.

సంవత్సరాల చిక్కుకు మాత్రం ఆధారాలు సిద్ధంగానే ఉన్నాయి. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి అచ్చయిన పుస్తకాల జాబితా ప్రకటించేది. అందులో శీర్షిక, భాష, రచయిత, ముద్రాక్షరశాల, విడుదల తేదీ, పుటలు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, వెల అన్నీ ఉంటాయి. ముఖపత్రం మీద రౌద్రి అని మాత్రమే ఉన్న పుస్తకానికి ఈ జాబితాలో నెల, తేదీ దొరుకుతాయి. కన్యాశుల్కం వంటి వాటికి ఏది పునర్ముద్రణో, ఏది కొత్త కూర్పో పుటల లెక్కను బట్టి పట్టుకోవచ్చు. పాత పత్రికల కోసం పరిశోధకులు వెళ్ళే వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల అల్మరాలను ఆ జాబితాలతో సరిపోల్చి చూస్తే, ఉమ్మడి కేటలాగుకు పంపవలసిన మొదటి విడత రికార్డులు అక్కడే తయారవుతాయి.