నల్లరాయి మోసిన ఊళ్లు

గనుల ఊళ్లంటే తెలుగువారికి ముందు గుర్తొచ్చేవి ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి. బొగ్గు కార్మికుడి బతుకు మీద కథలొచ్చాయి, పాటలొచ్చాయి. ఉత్తరాంధ్రలో బొగ్గు లేదు. అయినా ఇంచుమించు అంతే పాత గనుల ఊళ్లు ఇక్కడా ఉన్నాయి. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల కోడూరు, గర్భాం, దేవాడ, శివరాం. ఇవి మాంగనీసు ఊళ్లు. వీటి గురించి రాసినవాళ్లు తక్కువ.

ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైతే, కోడూరులో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది. దేశంలో మాంగనీసు పరిశ్రమకు అదే నాంది. ఆ ఏడాది విశాఖపట్నం జిల్లాలో తీసిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి అది 92,008 టన్నులకు చేరింది. సీమ ఉక్కు కొలుముల ఆకలి అలాంటిది. ఉక్కులోని గంధకాన్ని, ప్రాణవాయువును అదుపు చేసి దానికి గట్టిదనం ఇచ్చేది మాంగనీసే. ఆ దశాబ్దంలోనే తూర్పు తీరం వెంబడి రైలు పడింది. గనుల నుంచి ఎడ్లబళ్ల మీద రైలుకు, రైలు మీద విశాఖ తీరానికి, అక్కడి నుంచి పడవల్లో దూరంగా ఆగిన ఓడకు సరుకు చేరేది.

ఇవి సొరంగాలు కావు, ఆకాశం కిందే తవ్విన పెద్ద గోతులు. మగవాళ్లు గునపంతో పెళ్లగిస్తే ఆడవాళ్లు తట్టలకెత్తుకుని గట్టుకు చేర్చేవారు. తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట. ఇక్కడి ఖనిజం మట్టితో, సుద్దతో కలిసి వస్తుంది కాబట్టి ఏరడమే పెద్ద పని. గట్టు మీద కూర్చుని చిన్న సుత్తితో ఒక్కో పెళ్లను కొట్టి, అంటుకున్న తెల్లసుద్దను రాల్చాలి. మంచి రాయి చేతిలో బరువుగా తూగుతుంది, విరిచిన చోట నల్లగా మెరుస్తుంది. తేలికగా ఉన్నది పక్కకు పడేయాలి. పొద్దు వాలేసరికి గోళ్లు, అరచేతుల గీతలు నల్లబడిపోయేవి.

మిగతా బతుకంతా పల్లె బతుకే. పొద్దున్నే చోడి అంబలి, ఉల్లిపాయ. విరామంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు అలసట తీర్చింది అదే. వానలు పడి గోతులు నిండితే మళ్లీ దమ్ములు, ఉడుపులు. అమ్మవారి సంబరాలకు, తప్పెటగుళ్లకు ఊరంతా ఒక్కటయ్యేది. గని కూలీ, పొలం కూలీ వేర్వేరు మనుషులు కారు. కరువు ఏళ్లలో కొందరు రంగూన్ ఓడెక్కితే, ఇంకొందరు ఊరి గోతినే నమ్ముకున్నారు.

ఆ నమ్మకం ఎప్పుడూ దూరదేశపు ధరల మీద ఆధారపడేది. విశాఖ ఖనిజంలో ఇనుము, భాస్వరం ఎక్కువ. మధ్య పరగణాల్లో మేలురకం బయటపడగానే మన గనులు వెనకబడ్డాయి. 1920ల చివర పది లక్షల టన్నులు దాటిన దేశ ఉత్పత్తి, ఆర్థిక మాంద్యంతో 1932 నాటికి రెండు లక్షల చిల్లరకు పడిపోయింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. దాన్ని కట్టింది ముఖ్యంగా మధ్య పరగణాల మాంగనీసు కోసమే.

స్వాతంత్ర్యం తర్వాత కథ మలుపు తిరిగింది. 1955లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అదే ఏడాది మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చింది. గరివిడిలో కొలుములు వెలిగాయి, శ్రీరామ్‌నగర్ వెలిసింది. రాయిని రాయిగానే ఓడెక్కించిన నేల మీద ఫెర్రో మాంగనీసు తయారైంది. కూలీల పిల్లలకు కర్మాగారం సైరన్ గడియారమైంది. గర్భాం గని తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత గనిగా మారింది. మిగిలిన చాలా గోతులు నీటి గుంటలయ్యాయి.

ఈ గనుల గురించి రాతలు లేకపోలేదు. 1909లో ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త భారత మాంగనీసు నిక్షేపాల మీద వెయ్యికి పైగా పుటల గ్రంథం వెలువరించాడు. కోడూరు పేరు మీదనే ఒక శిలకు కోడూరైట్ అని పేరు పెట్టాడు. రాయికి పేరు దక్కింది. దాన్ని మోసిన మనిషికి దక్కలేదు. మాంగనీసు ధూళి ఏళ్ల తరబడి పీల్చితే నరాలు దెబ్బతింటాయని 1837లోనే స్కాట్లండ్ వైద్యుడు కూపర్ గుర్తించాడు. తట్టలు మోసిన మన తల్లుల చేతుల వణుకును మాత్రం ముసలితనం కిందే జమకట్టి ఊరుకున్నాం.

జిల్లా పేరు కూడా వీళ్లకు నిలకడగా లేదు. మొదట విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం. ఏ జిల్లా చరిత్రా వీళ్లను నిండుగా తనవాళ్లనుకోలేదు. ఇప్పుడైనా ఆ లోటు తీర్చాలి. గనుల్లో చివరి రోజుల్లో పనిచేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. చీపురుపల్లి, గరివిడి విద్యార్థులు వాళ్ల మాటలు రికార్డు చేయాలి. పాత మస్టరు పుస్తకాలు, కూలి చీటీలు, ఫొటోలు ఎవరింట్లో ఉన్నా పంచాయతీ గ్రంథాలయానికి చేర్చాలి. టన్నుల లెక్క ఎలాగూ పుస్తకాల్లో ఉంది. ఆ టన్నులు ఎత్తిన మనుషుల పేర్లు రాయాల్సింది మనమే.