పాచిక దేన్ని కొలుస్తుంది? స్త్రీల కోసం వచ్చిన టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆటల్లో నియమాల పాత్ర

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తన పాత్ర ఏం చేస్తోందో ప్రతి ఒక్కరూ నోటితో చెబుతారు. అది నెగ్గుతుందో లేదో తేలని చోట పాచిక వేస్తారు. టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆట అంటే స్థూలంగా ఇంతే. ఈ పద్ధతికి ఆద్యమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 1974లో అది వెలువడింది. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అంతకుముందున్న యుద్ధక్రీడల కడుపున పుట్టిన ఆట కాబట్టి కత్తి దెబ్బకూ కవచానికీ, దెబ్బ తిన్న ఒంట్లో మిగిలిన ప్రాణానికీ అందులో అంకెలున్నాయి. స్నేహానికి, పరువుకు, పశ్చాత్తాపానికి లేవు.

స్త్రీల కోసం తయారైన ఆటల గురించి మాట్లాడేటప్పుడు ముఖచిత్రాల మీద, కథావస్తువు మీద చర్చ ఆగిపోవడం తరచుగా చూస్తాం. నా పరిశీలనలో అసలు మార్పు వచ్చింది నియమాల్లో. ఏ పనికి పాచిక ఉందో ఆటగాళ్ళు ఆ పనే చేస్తారు. లెక్కకు రానిది నెమ్మదిగా కథలోంచి కూడా జారిపోతుంది. కాబట్టి ఒక ఆట ఎవరి కోసమో తెలియాలంటే అది దేన్ని లెక్కపెడుతోందో చూడాలి.

తొలినాళ్ళ లెక్కలు స్త్రీలకు ఏం మిగిల్చాయో రెండు ఉదాహరణలు చాలు. 1976లో 'ది డ్రాగన్' పత్రిక మూడో సంచికలో లెన్ లకోఫ్కా స్త్రీ పాత్రలకు ప్రత్యేక నియమాలు ప్రతిపాదించాడు. పురుష పాత్రకు ప్రజాకర్షణ అనే గుణం ఉన్న చోట స్త్రీ పాత్రకు అందం అనే గుణం పెట్టాడు, మగవాళ్ళను వలలో వేసుకునే శక్తులు జోడించాడు. ఆడవాళ్ళను ఆటలోకి తేవాలన్నదే అతని ఉద్దేశం. అందుకే ఆ వ్యాసం నాకు మరీ బాధ కలిగిస్తుంది: పిలుపు మంచిదే, వేసిన పీట మాత్రం అది. రెండేళ్ళ తర్వాత 1978లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమాలతో వచ్చిన 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' ఇంకో అడుగు వేసింది. మానవ జాతి యోధుడు పురుషుడైతే బలంలో 18 వచ్చాక శాతం పాచిక వేసి 100 దాకా పోవచ్చు. స్త్రీ అయితే 50 దగ్గర ఆగిపోవాలి. మంత్రాలూ డ్రాగన్లూ తిరిగే ఊహాలోకంలో వాస్తవికత గుర్తుకొచ్చింది సరిగ్గా ఈ ఒక్క గడి దగ్గరే. 1989 నాటి రెండో కూర్పులో గానీ ఆ పరిమితి తొలగలేదు.

ఆడవాళ్ళు ఆడడం లేదు కాబట్టే ఇలా జరిగిందనడం సగం నిజం. సమాజశాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ 1983లో ప్రచురించిన 'షేర్డ్ ఫాంటసీ'లో ఈ బృందాల్లో స్త్రీలు చాలా తక్కువని నమోదు చేశాడు. కానీ ఆటగాళ్ళ తొలి చర్చావేదికల్లో ఒకటైన 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్'ను 1975లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టి, దశాబ్దాల తరబడి నెలనెలా నడిపింది లీ గోల్డ్ అనే స్త్రీ. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురణకర్త టీఎస్‌ఆర్ సంస్థలో రూపకల్పన విభాగానికి 1979లో జీన్ వెల్స్ వచ్చింది. ఆమె రాసిన 'ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్' అనే సాహసకథను 1981లో అచ్చయిన వెంటనే, ప్రధానంగా బొమ్మల మీద అభ్యంతరంతో, సంస్థే వెనక్కి తీసేసుకుంది. టామ్ మోల్డ్‌వే తిరగరాశాక వేరే అట్టతో మళ్ళీ వేశారు. రూపకర్తగా ఆమె ప్రస్థానం ఆ తర్వాత ముందుకు సాగలేదు. ఆడవాళ్ళు ఉన్నారు, అయితే లెక్కలు రాసే కుర్చీ దాకా వచ్చినవాళ్ళు అరుదు.

1991 నాటి 'వాంపైర్: ది మాస్కరేడ్' యుద్ధం కన్నా పాత్ర లోపలి సంఘర్షణను ముందుకు తెచ్చి చాలామంది స్త్రీలను ఆకర్షించింది. 2005లో గ్రీన్ రోనిన్ సంస్థ తెచ్చిన 'బ్లూ రోజ్' మెర్సిడెస్ లాకీ, టమోరా పియర్స్ వంటి రచయిత్రుల పాఠకులను నేరుగా ఉద్దేశించింది. ఇందులో రాజ్యపాలకుణ్ణి బంగారు జింక ఎంచుకుంటుంది, మాట్లాడే జంతువులు సాటి పౌరులుగా బతుకుతాయి. మంచి ప్రయత్నమే, కాకపోతే మార్పు ఎక్కువగా లోకవర్ణనలో వచ్చింది.

అదే ఏడాది ఎమిలీ కేర్ బాస్ రాసిన చిన్న ఆట 'బ్రేకింగ్ ది ఐస్' ఇంకా లోతుకు వెళ్ళింది. ఇద్దరే ఆడతారు. ఒక జంట తొలి మూడు కలయికలు, కథంతా అదే. ఆటకు ముందు ఇద్దరూ తమ మధ్య నిజంగా ఉన్న ఒక తేడాను ఎంచుకుని దాన్ని తారుమారు చేసుకుంటారు. ఒకరు స్త్రీ, మరొకరు పురుషుడు అనుకుంటే ఆమె పురుష పాత్రను, అతడు స్త్రీ పాత్రను ఆడతాడు. ఒకరు కథ చెబుతుంటే రెండోవారు వింటూ పాచికలు అందిస్తారు. వచ్చిన అంకెలు చాలకపోతే మళ్ళీ వేసే అవకాశం ఉంది, కానీ ఏదో ఒకటి బెడిసికొట్టిందని చెబితేనే. కాఫీ చొక్కా మీద ఒలికింది, పాత ప్రియుడు ఎదురయ్యాడు, దాచాలనుకున్న మాట నోరు జారింది. పాత ఆటల్లో పొరపాటు అంటే నష్టం. ఇక్కడ తడబాటే ఇద్దరినీ దగ్గర చేస్తుంది. వినడాన్ని కూడా ఆటలో ఒక పనిగా చేసిన ఈ ఏర్పాటును నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

డానియెల్ లూఅన్ రాసిన 'కాగెమాత్సు' (2009) ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా నియమంగా పెట్టింది. గ్రామాన్ని కాపాడగల ఒంటరి సమురాయ్ పాత్రను తప్పనిసరిగా స్త్రీయే ఆడాలి. మిగతావాళ్ళు, మగవాళ్ళతో సహా, అతని మనసు గెలవాల్సిన గ్రామస్త్రీలు. ఒప్పించే భారం ఎటు ఉందో, తీర్పు చెప్పే చోటు ఎవరిదో మగ ఆటగాడికి ఆ గంటల్లో అనుభవంలోకి వస్తుంది.

ఈ దారిలో నాకు అత్యంత పరిణతితో కనిపించేది ఆస్ట్రేలియాకు చెందిన హేలీ గోర్డన్, వీ హెండ్రో రూపొందించిన 'గుడ్ సొసైటీ' (2018). జేన్ ఆస్టిన్ నవలల లోకం. పాచికలే లేవు, వాటి బదులు బిళ్ళలున్నాయి. ప్రతి పాత్రకూ ఒక రహస్య కోరిక ఉంటుంది. ఎదుటి పాత్ర జీవితంలో ఏదైనా జరగాలని కోరుకుంటే ఒక బిళ్ళ ముందుకు జరిపి అడగాలి. అవతలివారు ఒప్పుకోవచ్చు, బేరమాడవచ్చు, వద్దనవచ్చు. ఒక విందు దృశ్యం ఊహించుకోండి. అక్క పాత్ర తన చెల్లెలి నిశ్చితార్థానికి నవ్వుతూ శుభాకాంక్షలు చెబుతోంది. బల్లకు అవతల ఉన్న ఆటగత్తె ఇంకో రకం బిళ్ళ తీసి ఆమె ముందు పెడుతుంది. వెంటనే కథ ఆగుతుంది, అక్క తన మనసులో మాట పైకి చెప్పాలి. ఆ వరుణ్ణి మొదట కోరుకున్నది తానేనని బల్ల దగ్గరివాళ్ళంతా వింటారు. విందులో ఉన్న ఒక్క పాత్రకూ అది వినపడదు. తర్వాతి దృశ్యంలో ఆమె నవ్విన ప్రతిసారీ ఆ నవ్వు వెనక ఏముందో ఆడేవాళ్ళందరికీ తెలుసు.

పరువుకూ ఈ ఆటలో లెక్క ఉంది. పాత్ర నడవడిని బట్టి మంచి ముద్రలో, చెడ్డ ముద్రలో పడుతుంటాయి. దృశ్యాల మధ్య పుకార్లకు ఒక ఘట్టం, ఉత్తరాలకు మరో ఘట్టం ఉన్నాయి. ఆటగాళ్ళు వంతులవారీగా ఒక గుసగుసను పుట్టించవచ్చు, లేదా ఇంకొకరు పుట్టించినదాన్ని వ్యాపింపజేయవచ్చు. నలుగురి నోళ్ళలో నానడం అంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకురాలికి ఈ ఘట్టాన్ని వివరించనక్కర్లేదు. ఆస్టిన్ నాయికకు వృత్తి, ఓటు రెండూ అందుబాటులో లేవు. మాట, ఉత్తరం, మౌనం ఆమె ఆయుధాలు. కత్తికి అంకె ఇచ్చిన వ్యవస్థలో ఆమె ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. మాటకు అంకె ఇచ్చాక ఆమె ఎంత చేస్తోందో బయటపడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సమంజసమైనదే: స్త్రీల ఆట అంటే ప్రేమ, పెళ్ళి, పుకార్లేనా? అలా అనుకుంటే లకోఫ్కా గీసిన గీత లోపలే ఉండిపోతాం. జేసన్ మార్నింగ్‌స్టార్ 'నైట్ విచెస్' (2015) ఇందుకు ఒక జవాబు. రెండో ప్రపంచ యుద్ధంలో పో-2 అనే చెక్క, గుడ్డ విమానాల్లో రాత్రుళ్ళు బాంబులు వేసిన సోవియట్ 588వ రెజిమెంట్ స్త్రీల కథ అది. రాత్రి శత్రువు మీద దాడి, పగలు మరమ్మతులు, పై అధికారుల చిన్నచూపు, సాటి సైనికురాలి మీద మమకారం. పగటికీ రాత్రికీ ఆట సమాన గౌరవం ఇస్తుంది. ఎందుకంటే పగలు సంపాదించుకున్న స్నేహం, సామగ్రి లేకుండా రాత్రి విమానం తిరిగి రాదు.

రెండో జవాబు మరింత కఠినమైనది. విట్నీ బెల్ట్రాన్, మరిస్సా కెల్లీ, సారా రిచర్డ్‌సన్ కలిసి రాసిన 'బ్లూబియర్డ్స్ బ్రైడ్' (2017)లో ఆటగాళ్ళందరూ కలిసి ఒక్క స్త్రీయే. భర్త ఇంట్లో ఒక్కో గది తెరుచుకుంటూ వెళ్ళే కొత్త పెళ్ళికూతురి మనసులోని వేర్వేరు ముఖాలను తలా ఒకరు ఆడతారు. ఉంగరం ఎవరి చేతిలో ఉంటే ఆ క్షణానికి ఆమె ఒళ్ళు వారి అదుపులో ఉంటుంది. భయంతో వణికినప్పుడు తనను దేనికన్నా ఎక్కువ భయపెట్టేది ఏమిటో ఆటగాడే పలకాలి. కత్తి దూసి బయటపడే దారి ఈ ఆటలో దాదాపు మూసుకుపోయి ఉంది, యోధుల ఆటలకు అలవాటుపడినవాళ్ళు ముందు తడుముకునేది ఆ దారినే.