హద్దు తేలకముందే కుదిరిన ఒప్పందం

పోలవరం వాళ్లకు నీటి తగవు గురించి వేరే చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు వెనకజలాల మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లతో మనకున్న పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేను స్థిరపడ్డ మలేసియాకు ఇండోనేషియాతో అలాంటి పేచీయే సముద్రం మీద ఉంది. దాన్ని ఈ రెండు దేశాలూ ఎలా నెట్టుకొస్తున్నాయో మనవాళ్లు తెలుసుకోవాలి.

పెరాక్ నది మలక్కా జలసంధిలో కలిసే చోట బాగాన్ దాతూ ఉంది. కొబ్బరి తోటల్లో పనికొచ్చిన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న ప్రాంతం. ఈ తీరం నుంచి పడమరకు వేటకెళ్లిన బోటు కొంతదూరం పోయాక ఎవరి నీళ్లలో ఉందో చెప్పడం కష్టం.

1963 నుంచి 66 దాకా ఈ రెండు దేశాలూ ఒకదానిపై ఒకటి తుపాకులెత్తాయి. ఆ పగ చల్లారిన మూడేళ్లకే, 1969లో, సముద్రం అడుగు నేలను పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నాయి. పైనున్న నీళ్ల సంగతి అందులో లేదు. నేలకు గీసిన గీతే నీళ్లకూ వర్తిస్తుందని మలేసియా అంటుంది. నీళ్లకు రెండు తీరాల నడిమధ్యన వేరే గీత ఉండాలని ఇండోనేషియా అంటుంది. ఆ రెండు గీతల మధ్య చేప ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఒక దేశం పటం చూసుకుని సొంత నీళ్లనుకుని వల వేసినవాడు పక్క దేశానికి దొంగ.

2010 ఆగస్టులో బింతాన్ దీవి దగ్గర ఇండోనేషియా మత్స్యశాఖ వాళ్లు ఏడుగురు మలేసియా జాలర్లను పట్టుకున్నారు. మలేసియా పోలీసులు ఎదురెళ్లి ముగ్గురు ఇండోనేషియా అధికారులనే పట్టుకుపోయారు. జకార్తాలో మలేసియా రాయబార కార్యాలయం ముందు నిరసనలు రేగాయి. పట్టుకున్నవాళ్లను మాత్రం ఇరుపక్షాలూ కొద్దిరోజుల్లోనే వదిలేశాయి. నాకు గొప్పగా అనిపించేది ఆ తర్వాత జరిగింది. 2012 జనవరిలో బాలిలో కూర్చుని, హద్దు తేలేదాకా జాలరితో ఎలా నడుచుకోవాలో ముందు రాసుకున్నారు. వివాదమున్న నీళ్లలో అవతలి దేశపు బోటు కనబడితే తనిఖీ చేసి వెళ్లిపొమ్మనాలి. పేలుడు మందుతో, కరెంటుతో, రసాయనాలతో చేపలు పట్టేవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. గస్తీ సంస్థలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవాలి. అరెస్టులు ఆ తర్వాతా జరిగాయి, నిజమే. కానీ పట్టుబడ్డవాడి తరఫున అడగడానికి ఒక ఆధారం దొరికింది. 2023 జూన్‌లో, 18 ఏళ్ల చర్చల మీదట, జలసంధి దక్షిణ కొసనా, సులవేసి సముద్రంలోనూ తీరజలాల హద్దులపై సంతకాలయ్యాయి.

మన సంగతి చూడండి. సొంత తీరంలో సరైన జెట్టీలు లేక గుజరాత్‌లోని వీరావల్‌కు వలసెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో 20 మంది వాఘా దాటి వచ్చింది 2020 జనవరి 6న. భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అది జైల్లో పడ్డాక చూసుకునే లెక్క. సముద్రం మీదే ఆపి వెనక్కి పంపే కట్టుబాటు మాత్రం కుదరలేదు. గుజరాత్ తీరాన పాకిస్తాన్‌తో ఉన్న సర్ క్రీక్ హద్దు తగవు తీరేదాకా అందుకోసం ఆగనక్కర్లేదని మలేసియా నాకు చూపించింది. మన ఎంపీలను కలిసే మత్స్యకార సంఘాల పెద్దలు బాలి ఒప్పందం లాంటిది పాకిస్తాన్‌తో రాసుకోమని గట్టిగా అడగాలి.