నెల్లూరు మిషను బంగళాలో జెవెట్ దంపతుల జీవితము (1849–1878)

తెలుగుదేశమున క్రైస్తవ మిషనుల చరిత్రను ప్రస్తావించువారు తరచుగా 1878వ సంవత్సరముతో నారంభింతురు. ఆ యేడు జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ నొక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరన్న సంగతి ప్రసిద్ధమైనది. సంఖ్య గొప్పది గనుక చరిత్రకారుని దృష్టి దానిపై నిలుచుట సహజమే. కాని అంతకు ముందు నెల్లూరులో లెక్కకు రాని దినములు ముప్పది యేండ్లపాటు గడచినవి. ఆ దినములను గడపినవారిలో ముఖ్యులు అమెరికా నుండి వచ్చిన లైమన్ జెవెట్, ఆతని భార్య యుఫీమియా. వీరి సంసారము ఎట్లు సాగినది, దాని నాశ్రయించి యెవరు బ్రతికిరి, ఎవరివలన అది నిలిచినది అను విషయములను విచారించుట ఈ వ్యాసమున కుద్దిష్టము.

అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ప్రారంభమైనది. శామ్యూల్ డే అను నాతడు భార్యతో గూడ వచ్చి మొదట విశాఖపట్టణమునను, పిమ్మట శ్రీకాకుళమునను, మదరాసునను ఉండి, 1840లో నెల్లూరు చేరెను. తీరమునకు సమీపమున, పెన్న యొడ్డున, మదరాసు పెద్దబాట మీద నున్న పట్టణ మగుటచే నెల్లూరు వారికి అనుకూలముగ తోచినది. అనారోగ్యముచే 1846లో స్వదేశమునకు పోయిన డే మరల వచ్చునపుడు ఆతని వెంట జెవెట్ దంపతులు బయలుదేరిరి. 1849 ఏప్రిలు నెలలో, అనగా నెల్లూరు ఎండలు ముదురునపుడు, వారు బంగళాలో కాలు పెట్టిరి. జెవెట్ 1813లో జన్మించినవాడు. అప్పటి కాతనికి ముప్పదియైదు దాటినవి. క్రొత్తభాష నేర్చుకొనుటకు అది చిన్న వయస్సు కాదు.

ఆ భాషాభ్యాసమునకు అందుబాటులో నున్న సాధనము లేవి? క్యాంబెలు వ్యాకరణము 1816లోను, నిఘంటువు 1821లోను వెలువడినవి. బ్రౌను వ్యాకరణము 1840లో వచ్చినది. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో గాని అచ్చుపడలేదు. కావున జెవెట్ నెల్లూరు వచ్చిననాటికి నేటి విద్యార్థి చేత నుండు బ్రౌణ్య నిఘంటువు లేదు. పుస్తకము లేనిచోట మున్షీయే పుస్తకము. మున్షీ చెప్పునది గ్రంథభాష. వంటవాడు, బోయీలు, బజారువారు మాటలాడునది వేరు భాష. ఈ రెంటి నడుమ బంగళావారి తెలుగు ఏర్పడినది. మిషనరీల తెలుగును గూర్చి మనము పరిహాసముగ చెప్పుకొను మాటలు కొన్ని కలవు; వానిలో కొంత నిజము లేకపోలేదు. అయినను జెవెట్ వచ్చిన యేడు ముగియకముందే తెలుగున బోధింప నారంభించెను. తరువాత తెలుగు బైబిలు సంస్కరణమున పాల్గొనునంతటి పరిజ్ఞానమును సంపాదించెను. అట్టి పరిజ్ఞానము ఒంటరిగా గదిలో కూర్చుండిన కలుగునది కాదు.

వారి దినచర్యను శాసించినవి రెండు: ఎండ, దూరము. వేసవిలో పడమటిగాలి వీచునపుడు నడిమధ్యాహ్నము బయట పని జరుగదు. తెల్లవారక మునుపును, పొద్దు వాలిన తరువాతను మాత్రమే వీథిలో నిలిచి మాటలాడ వీలగును. నడుమనున్న వేళ చదువునకు, వ్రాతకు, పాఠశాలకు చెందును. గ్రామసంచారము చలికాలపు పని. ఎద్దుబండియో పల్లకియో కట్టించుకొని, వీలైనచో రాత్రివేళ ప్రయాణము చేసి, పగలు తోపులలో డేరా వేసికొనుట నాటి తెల్లవారి రివాజు. మదరాసు నూటికి పైబడిన మైళ్ల దూరమున నున్నది. రైలు లేదు, బకింగుహాము కాలువలో పడవలు ఒంగోలు సీమ వరకు నడచుట తరువాతి మాట. వైద్యుడు కావలెనన్నను, అచ్చుకాగితము కావలెనన్నను ఈ దూరమే అడ్డు. ఇక బోస్టను నుండి తెరచాపల యోడపై గుడ్‌హోపు అగ్రమును చుట్టి వచ్చుటకు ఇంచుమించు అయిదు మాసములు పట్టెడిది. సూయజు కాలువ తెరచినది 1869లో. కావున ఒక ప్రశ్నకు స్వదేశము నుండి ప్రత్యుత్తరము వచ్చులోపల నెల్లూరులో ఋతువులు మారిపోయెడివి. ఈ సంగతిని గమనింపనిదే మిషను చరిత్రలోని నిర్ణయములు ఎందుకంత ఆలస్యముగను, ఒక్కొక్కప్పుడు విపరీతముగను ఉండెనో బోధపడదు.

బంగళా నడుచుటకు చాలమంది చేతులు కావలెను. వంటవాడు, నీళ్లు తెచ్చువాడు, పంకా లాగువాడు, చాకలి, కావలివాడు: ఒక్కొక్కరిది ఒక్కొక్క కులము, ఒక్కొక్క హద్దు. ఒకరి పని వేరొకరు ముట్టరు. కులభేదము పనికిరాదని వీథిలో బోధించిన దొర ఇల్లు కులవృత్తుల మీదనే నడుచుచుండెను. ఇది జెవెట్ గారి యొక్కని దోషము కాదు. కంపెనీ రాజ్యమున ప్రతి తెల్లవాని గృహమును ఇట్టిదే. కాని నివేదికలలో ఇది కనబడకపోవుటను గమనింపవలెను. నివేదికలు దాతల కొరకు వ్రాసినవి. వానిలో బోధ యుండును, ప్రార్థన యుండును, వంటిల్లుండదు. గృహిణి చేసిన పని అంతయు ఆ వంటింటి వైపున, వెనుక వరండాలో, బాలికల పాఠశాలలో జరిగినది. అందుచేతనే యుఫీమియా పేరు చరిత్రగ్రంథములలో భర్త పేరునకు తోకగా మాత్రమే వచ్చును.

ఆ వెనుక వరండానుండియే జూలియా, రూతు అను తెలుగు స్త్రీలు బయలుదేరిరి. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండపై అయిదుగురు ప్రార్థన చేసిరి. జెవెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. పాశ్చాత్య గ్రంథములు ఈ ఘట్టమును జెవెట్ కొండఘట్టముగ వర్ణించినవి. తలలు లెక్కించినచో అయిదుగురిలో ముగ్గురు తెలుగువారు, ముగ్గురు స్త్రీలు. బజారులో దొరను చుట్టుముట్టి నవ్విన జనము మధ్య నిలుచుటకన్న, తన కులమువారి నడుమ, తన భాషలో, తిరిగి పోవుటకు వేరొక దేశము లేక నిలుచుట కష్టతరమని వేరుగ చెప్ప నక్కరలేదు.

ఇట్లుండగా నెల్లూరు స్థానమునే మూసివేయుద మను ఆలోచన అమెరికాలో పలుమారులు వచ్చినది. ఫలితము వ్రేళ్లపై లెక్కింపదగినదే. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ విషయము చర్చకు రాగా, పటముపై నెల్లూరు ఒంటి నక్షత్రమువలె నున్నదని ఒకరు అనిరట. ఆ మాట నాధారము చేసికొని, అమెరికా దేశగీతములలో నొకటి వ్రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రియే ఒక పద్యము వ్రాసెను. మరునాడది సభలో చదువబడినది. మిషను నిలిచినది, ‘ఒంటి నక్షత్రము’ అను పేరును స్థిరపడినది. పద్యములకు లోకవ్యవహారమున బలము లేదనువారు ఈ యుదాహరణమును జ్ఞప్తి యందుంచుకొనవచ్చును.

1862లో మరల అదే ప్రశ్న. అప్పటికి జెవెట్ ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోవుచున్నాడు. ఆతడు వచ్చువరకు ఆగుదమని కార్యదర్శి వారెన్ సభవారిని ఒప్పించెను. వచ్చిన జెవెట్, మీరు తోడు రాకున్నను నేను పోయి తెలుగువారి నడుమనే చచ్చెదనని పట్టుపట్టెను. అట్లయిన నిన్ను పాతిపెట్టుటకైనను ఒకరిని వెంట పంపవలెను గదా అని వారెన్ అనెనట. ఇది హాస్యోక్తియే గాని, దానివలన వచ్చిన ఫలితము పెద్దది. అట్లు వెంట వచ్చినవాడు జాన్ క్లౌ. 1865లో నెల్లూరు చేరి, 1866లో భార్యతో ఒంగోలులో కాపురము పెట్టెను. తాళ్లకొండపాడు మాదిగపల్లె నుండి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య, ఆతని భార్య నాగమ్మ 1866లోనే బాప్తిస్మము పొందిరి. తరువాత మాదిగపల్లెలలో వ్యాపించిన యుద్యమమునకు ఈ దంపతులు మూలపురుషులు. 1876–78 కరవులో క్లౌ బకింగుహాము కాలువ పనిలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించెను. నెల్లూరు బంగళాలో ఒక వృద్ధుని మొండిపట్టుదల లేనిచో ఒంగోలు చరిత్ర యే రీతిగ నుండెడిదో ఊహింపవచ్చును. కాని నర్సు, జూలియా, రూతులు లేనిచో ఆ వృద్ధుడు తిరిగి రాదగిన చోటే యుండెడిది కాదు. ఈ రెండవ సగమును మన చరిత్రలు చెప్పవు.

ఏబదియేండ్లు దాటిన జెవెట్ పనిలో అనువాదము ప్రధానమైనది. విశాఖపట్టణపు లండను మిషనువారు పందొమ్మిదవ శతాబ్దారంభము నుండి తెలుగు బైబిలుపై పనిచేసిరి. ప్రిచెట్టు క్రొత్తనిబంధన 1818లో వచ్చినది. దానిని దిద్దుట యనగా ఒక్కొక్క పదము వద్ద ఒక్కొక్క వాదము. గ్రాంథికమా, వాడుకయా? సంస్కృతపదమా, తెనుగుపదమా? దేవునకు ఏ పదము? బాప్తిస్మ మను గ్రీకు మాటను అట్లే ఉంచవలెనా, ముంచుట యని అనువదింపవలెనా అనుదానిపై ఆ కాలమున భారతీయభాష లన్నిటను బాప్టిస్టులకును ఇతరులకును కలహమే నడచినది. నేటి మన ‘బైబిలు తెలుగు’ ఇట్టి పంచాయతీల వెనుక నుండి వచ్చినది. దాని శైలిని విమర్శించు పరిశోధకుడు ఈ సందర్భమును విడువరాదు.

1873లో డేవిడ్ డౌనీ, ఆతని భార్య యానీ నెల్లూరు చేరుటతో బంగళా చేతులు మారినది. డౌనీ 1893లో ప్రకటించిన మిషను చరిత్రకు ‘ఒంటి నక్షత్రము’ అను పేరే ఉంచెను. జెవెట్ దంపతులు విశ్రాంతి తీసికొనిరా యనగా లేదు: 1878లో, అరువదియైదవ యేట, మదరాసున క్రొత్తస్థానము నారంభించుటకు పోయిరి. వెల్లంపల్లిలో వేలు పోగైన యేడు అదియే. ఒంగోలులోని ఒక దేవాలయము ఆతని పేరు మోయుచున్నది.

ఈ కథకు ఎదురుతిరిగిన అధ్యాయ మొకటి కలదు. నేటాలు చెరకుతోటలకు కూలీలను గొనిపోయిన మొదటి యోడ ‘ట్రూరో’ మదరాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరినది. అయిదేండ్ల కట్టుబాటు, మొదటి యేట నెలకు పది షిల్లింగుల కూలి. 1911 వరకు సాగిన ఈ వలసలో తెలుగువారు అనేకులు. వారి కొరకు తెలుగు బాప్టిస్టు సంఘములు తమ సొంత చందాలతో ఒక దంపతులను పంపినవి: నెల్లూరివాడైన ఉపాధ్యాయుడు జాన్ రంగయ్య, ఆతని భార్య కనకమ్మ. వారు 1903లో నేటాలు చేరిరి. ఆ డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపితమైనది. ఈ పర్యాయము మిషనరీకి మున్షీ అక్కరలేదు. వినువారిది ఆతని భాషయే. కట్టుబాటు తీరినవారి నెత్తిపై మూడు పౌనుల పన్ను. దానిపై 1913లో నేటాలు తీరమంతట సమ్మె. 1914లో ఆ పన్ను రద్దు. ఈ కాలమంతయు రంగయ్య దంపతులు అచ్చటి తెలుగుకూలీల నడుమ కాపురముండిరి.

పాతిపెట్టుటకు తోడు పంపవలెనని వారెన్ యనిన జెవెట్ 1897లో అమెరికాలోనే మరణించెను. రంగయ్య 1915లో నేటాలులో మరణించెను.