స్కూల్లో 'హౌస్' అంటే రంగు టీషర్టు మాత్రమేనా?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని సెకండరీ స్కూల్లో చేర్పించే తల్లిదండ్రులకు తరచుగా రెండు మాటలు ఎదురవుతాయి. ఒకటి హౌస్, రెండోది ట్యూటర్ గ్రూప్. హౌస్ అనగానే మనకు స్పోర్ట్స్ డే నాటి ఎరుపు, నీలం టీషర్టులు గుర్తొస్తాయి. ట్యూటర్ అంటే ట్యూషన్ చెప్పే మాస్టారు అనుకుంటాం. అక్కడ రెండింటి అర్థమూ వేరు. అవేమిటో తెలిస్తే, బిడ్డకు ఏదైనా కష్టం వచ్చినప్పుడు ఎవర్ని పట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

హౌస్ ఎలా పుట్టింది?

మొదట్లో హౌస్ అంటే నిజంగా ఇల్లే. ఇంగ్లండ్‌లోని పాత బోర్డింగ్ స్కూళ్ళలో పిల్లలు వేర్వేరు ఇళ్ళలో ఉండేవారు. ఒక్కో ఇంటికి ఒక హౌస్ మాస్టర్ బాధ్యత వహించేవాడు. చిన్నా పెద్దా ఒకే చోట తిని, అక్కడే పడుకునేవారు. తర్వాత పగటి స్కూళ్ళు కూడా ఈ పద్ధతి తీసుకున్నాయి. ఇల్లు పోయి పేరు మిగిలింది.

1965 తర్వాత అక్కడ అన్ని రకాల పిల్లలూ కలిసి చదివే కాంప్రహెన్సివ్ స్కూళ్ళు బాగా పెరిగాయి. వెయ్యి మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న స్కూల్లో పదకొండేళ్ళ పిల్లవాడు తప్పిపోయినట్టు అయిపోతాడు. అందుకే చాలా స్కూళ్ళు పిల్లల్ని హౌస్‌లుగా విడదీశాయి. పెద్ద స్కూల్లో చిన్న స్కూల్ అన్నమాట.

వయసులు కలిసిన గ్రూపు ఎలా నడుస్తుంది?

ఇయర్ 7 నుంచి ఇయర్ 11 వరకు, అంటే సుమారుగా మన 6 నుంచి 10వ తరగతి దాకా, ఒక్కో ఇయర్ నుంచి నలుగురైదుగుర్ని తీసి ఒక గ్రూపు కడతారు. మొత్తం ఇరవై, పాతిక మంది. రోజూ కొద్దిసేపు, ఎక్కువగా పొద్దున్నే, ఒక టీచర్ దగ్గర కూర్చుంటారు. ఆయనే ట్యూటర్. హాజరు తీసుకుంటారు, హోంవర్క్ గురించి అడుగుతారు, ముఖం వాడిపోయి ఉంటే ఎందుకని కనుక్కుంటారు. పాఠాలు మాత్రం ఎవరి ఇయర్ వాళ్ళతోనే.

ఒకే ఇయర్ పిల్లలతో గ్రూపు కడితే ట్యూటర్ సెప్టెంబరులో పాతిక కొత్త ముఖాలు ఒకేసారి గుర్తుపెట్టుకోవాలి. కలిసిన గ్రూపులో ఐదుగురే కొత్తవాళ్ళు, మిగతావాళ్ళు తెలిసినవాళ్ళే. పెద్ద పరీక్షలు రాసేది కూడా ఆ ఏడాది ఐదుగురే కాబట్టి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే వీలుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లకు క్యాంటీన్ ఎక్కడో, ఏ మాస్టారు హోంవర్క్ గట్టిగా అడుగుతారో పైతరగతి అక్క చెప్తుంది. చెప్పే అక్కకు బాధ్యత అలవాటవుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి

పదకొండేళ్ళ పిల్లకు, పదహారేళ్ళ అబ్బాయికి ఒకే మాట సరిపోదు. పరీక్షల సలహాలు, వయసుకు తగిన ఆరోగ్య పాఠాలు ఇయర్ వారీగా విడిగా చెప్పాల్సి వస్తుంది. పెద్దవాళ్ళ అలవాట్లలో మంచివే కాదు, చెడ్డవీ చిన్నవాళ్ళకు అంటుతాయి. ట్యూటర్‌కు ఆసక్తి లేకపోతే ఆ సమయం ఊసుపోక కబుర్లతో గడిచిపోతుంది. కొన్ని స్కూళ్ళు ఈ పద్ధతి పెట్టి, మళ్ళీ ఇయర్ గ్రూపులకే వెళ్ళిపోయాయి కూడా.

మన దగ్గర

జవహర్ నవోదయ విద్యాలయాల్లో హౌస్‌లు హాస్టల్ జీవితంతో ముడిపడి ఉంటాయి. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే పేర్లతో నడుస్తాయి. హౌస్ మాస్టర్ పిల్లల బాగోగులు చూస్తారు. కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగూర్, అశోక, రామన్ హౌస్‌లు ఎక్కువగా పోటీల కోసం. మన ప్రైవేటు స్కూళ్ళు చాలావాటిలో హౌస్ అంటే రంగు, పాయింట్లు, అంతే.

స్కూల్లో అడగాల్సినవి

- మా పిల్లల ట్యూటర్ ఎవరు? వచ్చే ఏడాది కూడా ఆయనేనా?
- గ్రూపులో ఎంతమంది? ఏయే తరగతుల వాళ్ళు?
- ఎవరైనా ఏడిపిస్తే మొదట ఎవరికి చెప్పాలి? ట్యూటర్‌కా, హౌస్ హెడ్‌కా?
- పెద్ద పిల్లలే ఇబ్బంది పెడితే గ్రూపు మారుస్తారా?
- అన్నాచెల్లెళ్ళను ఒకే హౌస్‌లో వేస్తారా? వద్దంటే వింటారా?

హౌస్ పేరు ఏదైనా, దాని జెండా ఏ రంగైనా ఫర్వాలేదు. బిడ్డ రెండు రోజులు మాట్లాడకుండా ఉంటే స్కూల్లో అది గమనించే పెద్దమనిషి ఒకరున్నారా లేదా అన్నదే ముఖ్యం. ఆ మనిషి పేరు, ఫోన్ చేయాల్సిన వేళ మొదటి వారంలోనే రాసి పెట్టుకోండి.