గ్రహాల వెనకనడక - గ్రీకుల లెక్క

పంచాంగం తిరగేసేటప్పుడు కుజుడు వక్రించాడన్న మాట మీ కంటపడే ఉంటుంది. జాతకాల సంగతి అలా ఉంచి, ఆకాశంలో అసలు జరిగేదేమిటో చూద్దాం. ఎర్రగా మెరిసే కుజుడు నక్షత్రాల నడుమ రోజూ కొద్దికొద్దిగా తూర్పుకు జరుగుతుంటాడు. ఇంచుమించు 26 నెలలకోసారి మాత్రం ఆగి, రెండు నెలల పాటు పడమటికి నడిచి, మళ్ళీ తన దారిన పడతాడు. బాగా కాంతిగా కనిపించేదీ ఆ రోజుల్లోనే.

ఈ వెనకనడక ప్రాచీన గ్రీకులకు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. వారి దృష్టిలో భూమి కదలదు. ఆకాశంలో ఉన్నవన్నీ దాని చుట్టూ గుండ్రంగా తిరగాలి. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో యూడాక్సస్ అనే పండితుడు ఉల్లిపొరల్లాగా ఒకదానిలో ఒకటి ఇమిడిన 27 గోళాలను ఊహించాడు. వెనకనడకకు ఒక సమాధానం దొరికింది. కానీ ఆ లెక్కన గ్రహం ఎప్పుడూ భూమికి ఒకే దూరాన ఉండాలి కదా! మరి కుజుడి వెలుగు పెరిగి తరగడమేమిటి?

తర్వాత వచ్చిన అపొలోనియస్, హిపార్కస్ వంటి గణితజ్ఞులు వృత్తం మీద వృత్తమనే ఉపాయం పట్టారు. తిరగలి పైరాయి అంచున ఒక బొంగరం తిరుగుతోందనుకోండి. దానిమీద ఒక సున్నపు బొట్టు. రాయీ, బొంగరమూ ఒకే వైపు తిరుగుతున్నాయి. తిరగలి నడుమ మేకు మీద కూర్చున్న చీమకు, ఆ బొట్టు అవతలి పక్కనున్నప్పుడు ముందుకూ, ఇవతలికి వచ్చినప్పుడు వెనక్కీ పోతున్నట్టుంటుంది. ఇవతలికి వచ్చినప్పుడే దగ్గరగానూ ఉంటుంది. చీమ మనం, బొట్టు కుజుడు! వెనకనడకా, వెలుగూ రెండూ కుదిరాయన్నమాట.

క్రీ.శ. 150 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టాలెమీ ఈ పద్ధతికి మెరుగులు దిద్ది 13 భాగాల గ్రంథం రాశాడు. అదే ఆల్మజెస్ట్. మన ఆర్యభటుడి లెక్కల్లోనూ ఇలాంటి చిన్న వృత్తాలున్నాయి. ఆ ఊహ గ్రీకుల నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆల్మజెస్ట్‌కు వ్యాఖ్య రాసిన థియాన్, 3వ భాగం పాఠాన్ని సిద్ధం చేసింది తన కూతురు హైపేషియా అని చెప్పుకున్నాడు. అలెగ్జాండ్రియాలో గణితం, తత్త్వం బోధించిన ఆ విదుషీమణిని క్రీ.శ. 415లో ఒక అల్లరిమూక పొట్టన పెట్టుకుంది.

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే అరిస్టార్కస్ అన్నాడు. మరి ఎందుకు నమ్మలేదు? మూఢులనుకోకండి. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు ఏడాదిలో కాస్తయినా పక్కకు జరిగినట్టు కనిపించాలి. ఎంత చూసినా జరగలేదు. అవి ఊహకందనంత దూరాన ఉండటమే అందుకు కారణం. ఆ కొంచెం జరుగుబాటును కొలవడం 1838లో గానీ బెసెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడికి సాధ్యపడలేదు.

1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి నడుమ నిలిపాడు. 1609లో కెప్లర్ గుండ్రని దారులకు బదులు కోలగా ఉండే దారులు చూపాడు. మన రైలు పక్క రైలును దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టుంటుందే, కుజుడి వక్రం కూడా అంతే. భూమి అతణ్ణి దాటిపోతోంది.

గ్రీకుల ఊహ తప్పే. కానీ కంటికి కనిపించినదానితో లెక్క కుదరకపోతే ఊహను మార్చుకోవాలన్న పట్టుదల వారిది. ఆ పట్టుదలే చివరకు వారి ఊహనూ మార్చింది. ఈసారి కుజుడు వక్రించినప్పుడు పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్ళండి. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి, వారం వారం అతని చోటును కాగితం మీద గుర్తు పెట్టమనండి.