గిల్‌ఫర్డు నుండి శ్రీహరికోటకు : ఒక ఉపగ్రహ నిర్మాణ సంస్థ చరిత్ర

చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ప్రళయకావేరి సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి కలదు. చెన్నపురి తెలుగువారికి అది పొరుగూరే. 2018వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేది రాత్రి 10 గంటల 8 నిమిషములకు అచ్చటినుండి పి.ఎస్.ఎల్.వి.–సి 42 రాకెట్టు బయలుదేరెను. అందు మన దేశపు ఉపగ్రహ మొక్కటియు లేదు. దానిపై నున్న రెండు ఉపగ్రహములును ఇంగ్లండు దేశమున గిల్‌ఫర్డు పట్టణమునందలి సర్రే శాటిలైట్ టెక్నాలజీ లిమిటెడ్ అను సంస్థ నిర్మించినవి. రెండింటి బరువు కలిపి 889 కిలోగ్రాములు.

తన పనితనమును ఎదుటివానికి నేర్పిన పనివాడు తన బేరమును తానే పోగొట్టుకొనునని లోకమున నొక భయము కలదు. ఈ సంస్థ మాత్రము నేర్పుటవలననే పెరిగినది. అయినను ఆ భయము ఉత్తి భ్రమ యనియు దీని చరిత్ర చెప్పదు. ఈ రెండు మాటలకును ఆధారములు ముందు కనబడును.

1970వ దశాబ్దపు కడపటి సంవత్సరములలో సర్రే విశ్వవిద్యాలయమున మార్టిన్ స్వీటింగు అను యువకుడు పరిశోధన చేయుచుండెను. ఆయనకు ఔత్సాహిక రేడియోపై మక్కువ మెండు. ఆ రోజులలో ఉపగ్రహ నిర్మాణము ప్రభుత్వములకును గొప్ప కంపెనీలకును మాత్రమే సాధ్యమైన పని. ప్రతి భాగమును అంతరిక్షమునకై ప్రత్యేకముగా చేయించి, యేండ్ల తరబడి పరీక్షించుచుండిరి. స్వీటింగు బృందమున కట్టి ధనము లేదు. అప్పుడప్పుడే బజారున దొరకుచున్న మైక్రోప్రాసెసర్లతో ఉపగ్రహమును కట్టినచో నేమగునో చూడవలెనని వారు సాహసించిరి. అట్లు తయారైనదే యూవోశాట్–1. అమెరికా అంతరిక్ష సంస్థ యగు నాసా దానిని వేరొక పెద్ద ఉపగ్రహముతోపాటు 1981 అక్టోబరు 6న ఉచితముగా కక్ష్యకు చేర్చెను.

మరుసటి యేడు జరిగిన యొక సంఘటనను ఇచ్చట కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. 1982 ఏప్రిలులో ఒక ప్రోగ్రాము దోషమువలన ఉపగ్రహములోని రెండు ప్రసారయంత్రములును ఒక్కసారిగా పనిచేయ మొదలిడెను. ఆ హోరులో భూమినుండి పంపిన ఆజ్ఞలు దానికి వినబడకపోయెను. తన కేకవలన తనకే చెవుడు వచ్చిన మనిషివలె అది నెలల తరబడి తిరుగుచుండెను. తుదకు సెప్టెంబరులో కాలిఫోర్నియా యందలి స్టాన్‌ఫర్డులో 150 అడుగుల వ్యాసముగల ఆంటెన్నాతో మిక్కిలి బలమైన సంకేతమును పంపి, ఆ ప్రసారములను ఆపగలిగిరి. ఆ మీదట ఉపగ్రహము 1989 అక్టోబరులో వాతావరణమున ప్రవేశించి కాలిపోవువరకు జీవించెను. కక్ష్యలోనున్న కంప్యూటరునకు భూమినుండియే క్రొత్త ప్రోగ్రామును పంపవచ్చునను సౌకర్యము ఈ ఉపగ్రహమున కుండెను. చౌకయైన భాగము చెడినను తెలివిగల ప్రోగ్రాముతో పని గడుపవచ్చునను నమ్మకమే తరువాతి వ్యాపారమునకు పునాది యైనదని నా యభిప్రాయము. రెండవ ఉపగ్రహమగు యూవోశాట్–2 ను వారు సుమారు ఆరు నెలలలో కట్టి ముగించిరి. అది 1984 మార్చి 1న కక్ష్య నందుకొనెను.

విశ్వవిద్యాలయము తానుగా బేరములు చేయుట కష్టము. కావున 1985లో ఈ పనికై కంపెనీని స్థాపించిరి. మూలధనము 100 పౌనులు, ఉద్యోగులు నలుగురు. ఆ కాలమున వారు రూపొందించిన చిన్న ఉపగ్రహము చూచుటకు మన యిండ్లలోని అరల క్యారియరును పోలియుండును. ఒక్కొక్క పరికరమును ఒక్కొక్క పళ్ళెమున నమర్చి, పళ్ళెములను ఒకదానిపై నొకటి పేర్చి, నాలుగు వైపుల సౌరఫలకములను బిగింతురు. బరువు సుమారు 50 కిలోగ్రాములు. 1990 జనవరి 22న ఏరియన్ రాకెట్టుపై ఇట్టివి రెండు వెళ్ళెను. అందు యూవోశాట్–3 చక్కగా పనిచేసెను. యూవోశాట్–4 మాత్రము ఒకటి రెండు దినములకే మూగవోయెను.

ఈ కాలముననే కంపెనీ చరిత్ర మలుపు తిరిగినది. 1989లో దక్షిణ కొరియానుండి కొందరు విద్యార్థులు సర్రేకు వచ్చిరి. పాఠములు చదువుటయే గాక ఇచ్చటి ఇంజనీర్ల ప్రక్కన కూర్చుండి తమ దేశపు మొదటి ఉపగ్రహమును తమ చేతులతో కట్టుట వారి యుద్దేశము. ఆ ఉపగ్రహము కిట్‌శాట్–1. కొరియనులు దానికి ‘మన నక్షత్రము’ అని యర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. 1992 ఆగస్టులో అది కక్ష్య చేరెను. 1993 సెప్టెంబరు 26న మరియొక ఏరియన్ రాకెట్టు వెళ్ళినప్పుడు దానిపై సర్రే సహాయముతో పోర్చుగలు దేశము కట్టిన పోశాట్–1 యుండెను. ఆ ప్రక్కనే, సర్రేలో చదివి తిరిగివెళ్ళినవారు కొరియాలోనే కట్టిన కిట్‌శాట్–2 యుండెను. గురువు కట్టించినదియు శిష్యులు కట్టినదియు ఒక్క బండిపైననే ప్రయాణించినవి.

తరువాత చిలీ, థాయిలాండు, మలేషియా, చీనా, అల్జీరియా, నైజీరియా, టర్కీ దేశములు వరుసగా వచ్చినవి. అన్నియు సాఫీగా జరిగినవని కాదు. 1995లో చిలీవారి మొదటి ఉపగ్రహము తన్ను మోసికొనిపోయిన ఉక్రెయిను ఉపగ్రహమునుండి విడివడలేక దానికే అంటుకొని యుండిపోయెను. రెండవదానిని 1998లో పంపి ఆ లోటు తీర్చుకొనిరి.

ఇక పైన చెప్పిన భయము మాట. సర్రేలో నేర్చిన కొరియా ఇంజనీర్లు 1999లో తమ దేశమున సాట్రెక్ ఇనీషియేటివ్ అను కంపెనీని స్థాపించిరి. 2000లో సర్రే సంస్థ మలేషియాకు టియుంగ్‌శాట్–1 ను కట్టియిచ్చెను. కాని మలేషియావారి తరువాతి ఉపగ్రహమైన రజాక్‌శాట్ నిర్మాణము కొరియా కంపెనీకి పోయెను. అది 2009లో కక్ష్య చేరెను. శిష్యుడు గురువు వాడుకదారునే తీసికొనిపోయెనన్నమాట. దీనిని నష్టమనవలెనా? ఒక్క బేరమువరకు నష్టమే. అయితే కొరియాకు నేర్పిన ఖ్యాతి లేనిచో మలేషియా మొదటిసారి సర్రే గడప తొక్కెడిదా యనునది నా సందేహము.

అనేక దేశములతో నేర్పడిన ఈ స్నేహమునుండియే మరియొక యోచన పుట్టెను. ఒంటరి ఉపగ్రహము ఒకచోటును మరల చూచుటకు పలుదినములు పట్టును. వరద యన్ని దినములు ఆగదు. అందుచే ఒక్కొక్క దేశము ఒక్కొక్క ఉపగ్రహమునకు యజమానియై, ఆపద వచ్చినప్పుడు చిత్రములను అందరును పంచుకొనునట్లు విపత్తు పరిశీలన కూటమిని ఏర్పరచిరి. అల్జీరియా ఉపగ్రహము 2002 నవంబరు 28న మొదట వెళ్ళెను; మరుసటి సెప్టెంబరులో నైజీరియా, టర్కీ, బ్రిటనుల ఉపగ్రహములు ఒక్క రాకెట్టుపై దానిని చేరెను.

2003లో ఐరోపావారు తమ గెలీలియో దిక్సూచీ వ్యవస్థకై రెండు ప్రయోగ ఉపగ్రహములను కోరిరి. తొందరకు కారణ మున్నది. రేడియో పౌనఃపున్యములు గడువులోపల అంతరిక్షమున వాడబడనిచో వానిపై హక్కు పోవును. గడువు 2006 నడుమకు ముగియనుండెను. ఒక ఉపగ్రహము గొప్ప కంపెనీల కూటమికిని, మరియొకటి సుమారు 2 కోట్ల 80 లక్షల యూరోలకు సర్రేకును దక్కెను. సర్రేవారు కట్టిన జియోవ్–ఏ 2005 డిసెంబరు 28న బైకనూరునుండి వెళ్ళి, 2006 జనవరిలో సంకేతములు పంపి, ఐరోపా హక్కును నిలిపెను. గొప్పవారు కట్టిన జియోవ్–బి 2008 ఏప్రిలులో గాని కదలలేదు!

ఈ విజయమే సంస్థ స్వాతంత్ర్యమునకు ముగింపు తెచ్చినదనవచ్చును. పెద్ద పనులకు పెద్ద పెట్టుబడి కావలెను. విశ్వవిద్యాలయ మంత భారము మోయజాలదు. అంతకుముందే 2005లో స్పేస్‌ఎక్స్ కంపెనీ పదవ వంతు వాటా కొనియుండెను. 2008లో విశ్వవిద్యాలయము తన వాటాను ఈ.ఏ.డి.ఎస్. ఆస్ట్రియం అను మహాసంస్థకు అమ్ముట కంగీకరించెను. ఆస్ట్రియం తరువాత ఎయిర్‌బస్ నీడకు చేరెను. అయినను సర్రే పేరు మాసిపోలేదు. జర్మనీకి చెందిన ఓ.హెచ్.బి. కంపెనీ గెలీలియో ఉపగ్రహముల దేహములను కట్టగా, వానిలోని దిక్సూచీ పరికరములను 34 ఉపగ్రహములకు ఒప్పందముపై చేసినవారు వీరే.

మన తీరముతో సంస్థకు సంబంధము 2013 ఫిబ్రవరి 25న ఆరంభమైనది. జేబున నిముడు టెలిఫోను నొకదానిని లోపల పెట్టుకొన్న స్ట్రాండ్–1 అను చిట్టి ఉపగ్రహము నాడు శ్రీహరికోటనుండి వెళ్ళెను. 2015 జూలై 10న ఒక్కొక్కటి 447 కిలోగ్రాముల మూడు ఉపగ్రహములు వెళ్ళినవి. సుమారు మూడు మీటర్ల యెత్తుగల వానిని రాకెట్టు శిరస్సున నిముడ్చుటకు మన ఇంజనీర్లు ముక్కోణపు పీట నొకదానిని క్రొత్తగా రూపొందించిరి. ఆ మూడింటి చిత్రములను తీయు శక్తిని ఒక చీనా కంపెనీ అద్దెకు తీసికొనియుండెను. ఇంగ్లండు పనితనము, తెలుగు దీవినుండి ప్రయాణము, చీనా అద్దె! 2018 జనవరి 12న కార్బొనైట్–2 వెళ్ళెను.

మొదట చెప్పిన సెప్టెంబరు రాత్రి వెళ్ళినవానిలో నొకటి నోవాసార్. రాడారుతో చూచునది గనుక మేఘము కప్పినను, రాత్రియైనను దానికి అడ్డులేదు. సముద్రముమీది ఓడలను సైతము గుర్తించును. రాకెట్టు బయలుదేరిన సుమారు 18 నిమిషములకు రెండును కక్ష్యలో విడువబడెను. నోవాసార్ వాడుకలో పదవ వంతును ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ యొకటి ముందుగానే కొనియుంచుకొనెను.